ఎత్తు, వెడల్పు, ‘లోతు’ – ఆర్ట్ షోలకు మట్టిపాత్రల కొలతలు

మన సంఘం డైరెక్టరీ తిరగేస్తే డాక్టర్లు కనిపిస్తారు, ఇంజనీర్లు కనిపిస్తారు, కంప్యూటర్ వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కుండలు చేసేవాళ్ళు మాత్రం ఏ పేజీలోనూ కనిపించరు. అలాగని మనలో మట్టి పిసికేవాళ్ళు లేరనుకోకండి. ఇక్కడి హైస్కూళ్ళలో చాలాచోట్ల పాటరీ క్లాసు ఉంటుంది కనుక మన పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఓ వంకర కప్పు తెచ్చి అమ్మ చేతిలో పెడతారు. ఆ అమ్మ కూడా కమ్యూనిటీ సెంటర్లో సాయంత్రం క్లాసుకు చేరిందంటే ఇక ఇంట్లో గిన్నెలకు కొదవ ఉండదు. పాతికేళ్ళు ఆఫీసు లెక్కలు చూసి, ఆ తరవాత సారె ముందు కూర్చున్న నేనూ ఆ బాపతే.

కిందటి దీపావళి ఫంక్షన్లో నేను చేసిన ప్రమిదలు బల్ల మీద పెడితే ముగ్గురు నలుగురు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. “ఆర్ట్ షోకి అప్లై చేద్దామని ఉందండీ. ఫారంలో సైజు రాయమంటున్నారు. ఏది కొలవాలి, ఎలా కొలవాలి?” ఆ హడావిడిలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. సంపాదకులు ఉగాది సంచికకు ఏదైనా రాయమన్నారు కాబట్టి ఆ జవాబేదో ఇక్కడే వివరంగా చెబుతాను.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?

ముందు ఈ షోల పద్ధతి చెప్పాలి. 1960లో మొదలైన ఆన్ ఆర్బర్ ఆర్ట్ ఫెయిర్ కానివ్వండి, మా ఊళ్ళో జరిగే కొలంబస్ ఆర్ట్స్ ఫెస్టివల్ కానివ్వండి, డబ్బు కట్టి బల్ల వేసుకుంటే కుదిరేవి కావు. జ్యూరీ ఉంటుంది. మన పనితనం చూసి వాళ్ళు మార్కులు వేస్తారు. అయితే వాళ్ళు చూసేది పాత్రను కాదు, ఫోటోను.

పూర్వం 35 మిల్లీమీటర్ల స్లైడ్లు పంపేవారు. స్లైడు అట్ట అంచు మీద సన్నటి అక్షరాలతో పేరు, పాత్ర పేరు, కొలతలు రాసి, పైవైపు ఏదో తెలియడానికి ఓ చుక్క పెట్టేవారు. 2004లో జాప్లికేషన్ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. అదే ఏడాది కొడాక్ కంపెనీ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది. ఇప్పుడు చాలా షోలకు ఫోటోలు కంప్యూటర్లోనే ఎక్కించాలి. ప్రతి ఫోటో పక్కనా ఎత్తు, వెడల్పు, డెప్త్ అని మూడు గడులుంటాయి. అప్లికేషన్ ఫీజు సాధారణంగా పాతిక నుంచి యాభై డాలర్ల దాకా ఉంటుంది. ఎంపికైనా కాకపోయినా అది తిరిగి రాదు.

ఫోటోకు వెనక బూడిద రంగు కాగితం తప్ప మరేమీ ఉండకూడదన్నది ఇక్కడి ఆనవాయితీ. పక్కన స్కేలూ, నాణెమూ పెట్టకూడదు. దానివల్ల ఓ తమాషా జరుగుతుంది. రెండంగుళాల పిడతా, రెండడుగుల కూజా తెర మీద ఒకే సైజులో కనిపిస్తాయి. బాగా తీసిన ఫోటోలో ఉప్పు గిన్నె గుడి గోపురంలా నిలబడుతుంది. ఏది ఎంతో చెప్పేది మనం రాసే మూడు అంకెలే.

కొన్ని షోలవాళ్ళు జ్యూరీ జరుగుతుండగా కళాకారులు వచ్చి వెనక కూర్చుని చూడటానికి అనుమతిస్తారు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఒక్కొక్కరి ఫోటోలు తెర మీద కొద్ది సెకన్లు ఉంటాయి. పేర్లు చెప్పరు. నల్లటి గ్లేజు వేసిన ఒక వెడల్పాటి గిన్నె వచ్చింది. హాల్లో అందరం ముందుకు వంగి చూశాం. జడ్జీలలో ఒకాయన “ఇది ఎంత పెద్దది?” అని అడిగాడు. ఫారం చూస్తున్న అమ్మాయి “సున్నా, సున్నా, సున్నా” అని చదివింది. ఎవరో చిన్నగా నవ్వారు. తరవాతి ఫోటోలు వచ్చేశాయి. ఆ గిన్నె ఎవరిదో, దానికి చివరికి ఎన్ని మార్కులు వచ్చాయో నాకు తెలియదు. కానీ అంత పని చేసిన మనిషి మూడు గడులు ఖాళీగా వదిలేసినందుకు ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పోయిందే అని మనసు చివుక్కుమంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే అనుకోండి.

మట్టి కుంచించుకుపోతుంది

మొట్టమొదటి నియమం: కాలిన తరవాతే కొలవాలి. సారె మీద ఉండగా రాసుకున్న కొలత ఫారంలో రాయడానికి పనికిరాదు.

పచ్చి మట్టిలో నీరుంటుంది. ఆరుతున్నప్పుడు ఆ నీరు పోయి మట్టి రేణువులు దగ్గరవుతాయి, పాత్ర కుంచించుకుపోతుంది. కిల్న్‌లో బాగా వేడెక్కినప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇంకా దగ్గరవుతాయి, మళ్ళీ కుంచించుకుపోతుంది. మన ఊళ్ళలో ఆవంలో కాల్చే ఎర్రమట్టి కుండలకు వేడి తక్కువ కాబట్టి ఈ రెండో దెబ్బ తక్కువ. ఇక్కడ మేము వాడే స్టోన్‌వేర్‌కు అది గట్టిగానే తగులుతుంది. మా స్టూడియోలో కాల్చేది ‘కోన్ 6’, అంటే సుమారు 2230 డిగ్రీల ఫారెన్‌హీట్.

ఈ కోన్ అనేది మా ఒహాయోవాళ్ళు గర్వంగా చెప్పుకునే విషయం. ఎడ్వర్డ్ ఆర్టన్ జూనియర్ అనే ఆయన 1894లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిరామిక్స్ విభాగం ప్రారంభించి, 1896లో ఈ కోన్ల తయారీ మొదలుపెట్టాడు. ఇవి సన్నటి మట్టి శంకువులు. తగిన వేడి తగిలితే వంగిపోతాయి. వాటిని చూసి లోపల పాత్రలు ఎంతవరకు కాలాయో చెప్పవచ్చు. ఆయన పేరు మీద నడిచే ఫౌండేషన్ కొలంబస్ పక్కనే వెస్టర్‌విల్‌లో ఉంది. ఆ కోన్లు వచ్చే పెట్టెను బట్టి ‘కోన్ బాక్స్ షో’ అనే ప్రదర్శన కూడా జరిగింది. 3 అంగుళాలు, 3 అంగుళాలు, 6 అంగుళాలు ఉండే ఆ పెట్టెలో పట్టే పాత్రలనే అందులోకి తీసుకునేవారు. అలాంటి చోట పచ్చి కొలతకూ, కాలిన కొలతకూ ఉన్న తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

మీ మట్టి ఎంత కుంచించుకుపోతుందో తెలుసుకోవడం తేలిక. పచ్చి మట్టి పలక మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. కాల్చాక మళ్ళీ కొలవండి. 8.8 సెంటీమీటర్లు వస్తే ఆ మట్టి నూటికి 12 పాళ్ళు కుంచించుకుపోయిందన్నమాట. ఇప్పుడు కాలిన తరవాత 8 అంగుళాలు ఉండే పాత్ర కావాలంటే ఎంత ఎత్తు చెయ్యాలి? చాలామంది 8కి 12 శాతం కలిపి 8.96 అంటారు. అలా చేస్తే 7.88 మాత్రమే మిగులుతుంది. కలపకూడదు, భాగించాలి. 8ని 0.88తో భాగిస్తే 9.09 వస్తుంది. అంత ఎత్తు లేపాలి.

పాత్రలో పట్టే సరుకు విషయంలో ఈ తగ్గుదల ఇంకా ఎక్కువ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 12 శాతం చొప్పున తగ్గుతాయి కనుక లోపలి చోటు మూడోవంతు దాకా పోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు మూడు మానికలు పట్టేలా చేసిన జాడీ కాలి బయటికొచ్చేసరికి రెండు మానికల జాడీ అవుతుంది.

లోతు అంటే లోతు కాదు

ఫారంలో మూడు గడులు అన్నాను కదా. ఎత్తు, వెడల్పు వరకు ఎవరికీ పేచీ లేదు. మనవాళ్ళకు చిక్కంతా ఆ మూడోదానితోనే. డెప్త్ అనగానే మనకు బావి లోతు, గిన్నె లోతు గుర్తొస్తాయి. గిన్నెలో స్కేలు నిలబెట్టి లోపలి లోతు కొలిచి రాసేస్తారు. ఇక్కడ అడిగేది అది కాదు. పాత్ర ముందు నుంచి వెనక్కి ఎంత మేర ఉందో అడుగుతున్నారు. బీరువా కొనేటప్పుడు గోడ నుంచి ఎంత ముందుకు వస్తుందో చూస్తామే, అదీ లెక్క.

అమెరికాలో ముందు ఎత్తు, తరవాత వెడల్పు, ఆ తరవాత డెప్త్ రాస్తారు. మూడూ బయటి కొలతలే. పాత్ర ఎక్కడ ఎక్కువగా పొడుచుకొస్తే అక్కడిదాకా కొలవాలి. వెడల్పు అంటే ఫోటోలో ఎడమ నుంచి కుడికి కనిపించేది. అంటే ఫోటో తీసినప్పుడు పాత్ర ఎలా నిలబడిందో అలా పెట్టుకునే కొలవాలి.

ఒక కాఫీ మగ్గు తీసుకోండి. ఎత్తు 4 అంగుళాలు, ఒళ్ళు అడ్డంగా మూడున్నర, పిడి పక్కకు అంగుళంపావు వచ్చింది. ఫోటోలో పిడి కుడిపక్కకు ఉంటే రాయవలసింది 4 × 4¾ × 3½. కొమ్ము ఉన్న టీపాట్ అయితే కొమ్ము కొస నుంచి పిడి చివరిదాకా వెడల్పు. పిడి వదిలేసి ఒళ్ళు మాత్రం కొలవడం, మనిషి చేతులు కట్టేసి చొక్కా కొలత తీసినట్టుంటుంది.

కొలిచే పద్ధతి

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇంట్లో దొరికేవాటితో నేను చేసే పద్ధతి ఇది.

ఎత్తుకు: పాత్రను చదునైన బల్ల మీద పెట్టండి. పైన ఒక చదునైన పలక గానీ, గట్టి అట్ట పుస్తకం గానీ ఆనించి, అది బల్లకు సమంగా ఉండేలా పట్టుకోండి. బల్ల నుంచి పలక అడుగుదాకా స్కేలు నిలువుగా పెట్టి చూడండి. పాత్ర పక్కన స్కేలు ఆనించి కంటితో అంచనా వేస్తే పావంగుళం తేడా ఇట్టే వస్తుంది.

వెడల్పుకు: పాత్రను గోడకు ఆనించి, రెండోవైపు గట్టి పెట్టె ఒకటి నిలబెట్టండి. గోడకూ పెట్టెకూ మధ్య ఉన్న దూరమే వెడల్పు. కొయ్య పని చేసేవాళ్ళు వాడే క్యాలిపర్ ఉంటే మరీ మంచిది. గుండ్రటి పాత్ర అయితే కుట్టుపని టేపు పొట్ట చుట్టూ తిప్పి, వచ్చినదాన్ని 3.14తో భాగించవచ్చు. చుట్టుకొలత 22 అంగుళాలుంటే అడ్డం 7. స్కూల్లో బట్టీపట్టిన 22 బై 7 ఇన్నాళ్ళకు అక్కరకొచ్చిందని నేను సంతోషించాను.

చేత్తో చేసిన పాత్ర ఎప్పుడూ కచ్చితమైన గుండ్రంగా ఉండదు. కాలేటప్పుడు కొంచెం వంగుతుంది, అంచు కోలగా సాగుతుంది. అంచేత ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా, పాత్రను తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలిచి అన్నిటికంటే పెద్దది రాసుకోండి. స్కేలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్నిటికి సున్నా గీత అంచులో ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది.

అంగుళంలో ఎనిమిదోవంతు వరకు కొలిస్తే చాలు. మధ్యలో వస్తే పైకే సవరించండి. తొమ్మిదీ చిల్లర ఉన్న పాత్రను తొమ్మిది అని రాసి పంపితే, తొమ్మిదంగుళాల అరలో అది పట్టదు. ఇతర దేశాల షోలకు సెంటీమీటర్లు అడిగితే అంగుళాల నుంచి లెక్క కట్టకుండా టేపు రెండోవైపుతో మళ్ళీ కొలవడం మేలు.

చిక్కు పెట్టే పాత్రలు

మూత ఉన్నవాటికి మూత పెట్టి, దాని మీది బొడిపె చివరిదాకా ఎత్తు కొలవాలి. ఇందులో నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో కళ్ళారా చూశాను. మా స్టూడియోలో ఒక పెద్దావిడ మూతగిన్నె ఒక గ్యాలరీ ప్రదర్శనకు ఎంపికైంది. ఆవిడ ఫారంలో గిన్నె ఎత్తు మాత్రమే రాశారు. గ్యాలరీవాళ్ళు ఆ అంకె చూసుకుని గాజులాంటి ప్లాస్టిక్ మూతపెట్టె సిద్ధం చేశారు. తీరా చూస్తే బొడిపె తగిలి పెట్టె దిగలేదు. నెల రోజులూ ఆ గిన్నె మూత లేకుండానే ప్రదర్శనలో ఉంది. ఆవిడ ఆ మూత మీద చిన్న పిట్టను చెక్కడానికి రెండు వారాలు పట్టింది. చూడవచ్చిన వాళ్ళలో ఒక్కరికీ ఆ పిట్ట కనబడలేదు.

గోడకు తగిలించే పళ్ళాలకు, తగిలించాక పైనుంచి కిందికి ఉన్నది ఎత్తు. వెనక కొక్కెంతో సహా గోడ నుంచి ఎంత ముందుకొచ్చిందో అది డెప్త్. నాలుగు గిన్నెల సెట్టయితే ఫోటోలో అమర్చిన వరస మొత్తం కొలిచి గడుల్లో రాయండి. వివరణ రాసే చోటు ఉంటే ఒక్కో గిన్నె సైజు అక్కడ చెప్పండి. పీట మీద నిలబెట్టే బొమ్మ అయితే, పీట కూడా మీ పనిలో భాగమైతే కలపాలి, కేవలం ఫోటో కోసం పెట్టినదైతే కలపకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఫోటోలో ఉన్న పాత్ర అమ్ముడైపోయి, దాని జోడు పాత్రను పంపవలసి వస్తే పాత అంకెలు పనికిరావు. చేతిపనిలో ఏ రెండూ ఒకటి కావు. పంపిన వస్తువు ఫారంలో ఉన్నది కాదని నిర్వాహకులు తిప్పి పంపవచ్చు. అందుకని కిల్న్ నుంచి దిగిన ప్రతి పాత్రనూ అదే రోజు కొలిచి నోటు పుస్తకంలో రాసేస్తాను. ‘కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు ఒక పెట్టు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. పగిలినా, పోస్టులో పోయినా ఇన్సూరెన్సుకు చూపించడానికి ఆ పుస్తకమే ఆధారం.

ఫారం అడగని కొలతలు

నేను షోలకు పంపేవాటిలో ఆవకాయ జాడీలు ఉంటాయి. మన ఇళ్ళలో ఉండే జాడీలు చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనవే. అదే ఆకారాన్ని చేత్తో చెయ్యాలని నాకు కోరిక. మొదటి మంచి జాడీ దిగినప్పుడు 10¼ × 7 × 7 అని పుస్తకంలో రాసుకుని, ఫోన్లో మా అత్తయ్యగారికి సంబరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, “అంగుళాలు ఎవరిక్కావాలే అమ్మాయ్! ఎన్ని కాయల ఆవకాయ పడుతుందో చెప్పు. చెయ్యి దూరుతుందా?” అన్నారు.

నిజమే మరి. మూతి ఎంత వెడల్పో ఏ ఫారమూ అడగదు. కానీ చెయ్యీ, గరిటే దూరని జాడీ ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం? ఆ రోజు నుంచి నా పుస్తకంలో మరో మూడు గళ్ళు గీసుకున్నాను. మూతి వెడల్పు, బరువు, ఎంత పడుతుంది. పట్టే కొలత తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు. ఖాళీ పాత్రను తూచి, నీళ్ళు నింపి మళ్ళీ తూస్తే, తేడా ఎన్ని కిలోలో అన్ని లీటర్లు. సోల, తవ్వ, మానిక అంటూ మనవాళ్ళు పాత్రకు పెట్టిన లెక్కంతా ఎంత పడుతుందన్నదే కానీ ఎంత ఎత్తన్నది కాదు. షోలో బల్ల దగ్గరకు వచ్చే అమెరికన్లు కూడా జాడీని చేతిలోకి తీసుకుని అడిగే మొదటి ప్రశ్న “ఇందులో ఎంత పడుతుంది?” అనే. జ్యూరీకి మూడు అంకెలు, కొనేవాళ్ళకు మిగతా మూడు.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

హైస్కూల్లో పాటరీ చేస్తున్న మన పిల్లల్లో కొందరు ఆర్ట్ కాలేజీలకో, ఆర్కిటెక్చర్‌కో అప్లై చేస్తారు. వాళ్ళ పోర్ట్‌ఫోలియోలో కూడా ప్రతి వస్తువుకూ పేరు, దేనితో చేశారు, ఏ సంవత్సరం, కొలతలు అని అడుగుతారు. డిసెంబరులో గడువు ముంచుకొచ్చాక చూస్తే తొమ్మిదో క్లాసులో చేసిన కూజా అమ్మమ్మగారింటికి ఇండియా వెళ్ళిపోయి ఉంటుంది, గిన్నె ఎవరికో పుట్టినరోజు బహుమతిగా పోయి ఉంటుంది. ఫోటో ఉంటుంది కానీ సైజు ఎవరికీ గుర్తుండదు. అందుకని పాత్ర ఇంటికొచ్చిన రోజే ఫోటో తీయించి, కొలిపించి, తారీకు వేసి రాయించండి. పది నిమిషాల పని. కొలవడం పిల్లల చేతే చేయించండి, మీరు పలక పట్టుకుంటే చాలు.

ఈ ఏడాది ఉగాది పచ్చడి వడ్డించే గిన్నెలు నేను చేసి తెస్తున్నాను. పచ్చడి తిన్నాక గిన్నె పారెయ్యకుండా తిరిగి బల్ల మీద పెట్టండి. ఎవరికైనా కొలిచి చూడాలనిపిస్తే టేపు, పలక రెండూ నా సంచిలో ఉంటాయి. మీ పిల్లలు చేసినవి ఏవైనా ఉంటే వెంట తీసుకురండి, కూర్చుని కొలుద్దాం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.